ఎర్ర చుక్కలు లేని బండి

"పోలీసులొస్తే గోడ ఎందుకు దూకావయ్యా?"

డిటెక్టివ్ నిదానం ఈ ప్రశ్న అడగడం ఇది మూడోసారి. మొదటిసారి మెకానిక్ ఏడ్చాడు. రెండోసారి మంచినీళ్ళు అడిగాడు. ఈసారి లాకప్ ఊచలు పట్టుకుని, తల దించుకుని నిజం చెప్పాడు.

"వాళ్ళు ముందు తలుపు కొట్టారండి. నా కాళ్ళు వెనక గోడ ఎక్కేశాయి. బుర్ర తర్వాత వచ్చింది."

"బుర్ర వచ్చేసరికి ఎక్కడున్నావ్?"

"కానిస్టేబుల్ గారి చేతుల్లో ఉన్నానండి."

నిదానానికి నవ్వొచ్చింది కానీ మింగేశాడు. ఈ బక్కపల్చటి మనిషి మీద ఒక నిండు ప్రాణం తీసిన నేరం ఉంది. నిన్న పొద్దున క్వారీ కాంట్రాక్టరు తన ఎస్‌యూవీ నడుపుకుంటూ కొండ దిగుతుండగా మలుపులో బండి అదుపు తప్పి లోయలో పడింది. ఆయన అక్కడికక్కడే పోయాడు. పోయిన వారం ఆ బండికి నాలుగు షాక్ అబ్జార్బర్లూ మార్చింది ఈ మెకానిక్కే. కొత్తవని చెప్పి, పాతవాటికే రంగు పూసి పంపాడని పోలీసుల మాట. సాయంత్రంలోగా కోర్టుకి తీసుకెళ్తారు. ఒకసారి ఆ గుమ్మం దాటాడంటే మళ్ళీ ఎప్పుడు తిరిగొస్తాడో చెప్పగలిగేవాడు లేడు.

అతని పక్కన, ఊచలకి ఇవతల, అతని అక్క నిలబడి ఉంది. బజారులో స్పేర్ పార్టుల షాపు ఆవిడదే. తల్లి పోయాక తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచిన మనిషి. పొద్దున్నే నిదానం ఇంటికొచ్చి, "మా తమ్ముణ్ణి నాకు తెచ్చివ్వండి అన్నయ్యా" అని గుమ్మంలోనే కూలబడింది. అప్పట్నుంచి కొంగు తడి ఆరలేదు.

డిటెక్టివులంటే చిటికెలో అన్నీ పట్టేస్తారని జనం అనుకుంటారు. ఈయన విషయంలో ఆ చిటికె ఎప్పుడూ ఆలస్యంగానే పడుతుంది, అందుకే నిదానం అనే పేరు స్థిరపడింది. ఆ పేరుతో ఆయనకి పేచీ లేదు. ఈ రోజు మాత్రం ఆ నిదానం ఆయన్నే భయపెడుతోంది.

"మొదట్నుంచి చెప్పు. ఏం వేశావ్?"

"నాలుగూ కొత్తవేనండి. మా అక్క షాపువే. పెద్దాయనొచ్చి, గట్టివి వెయ్యరా, బరువు మొయ్యాలి అన్నారు. అందరూ అదే అంటారండి. బరువు మోసేవి స్ప్రింగులు. గుంతలో పడి లేచిన బండి ఇంకా ఊగుతూ ఉండకుండా పట్టి ఆపడమే షాకుల పని. మరీ గట్టివి వేస్తే ఖాళీ బండి ఎగిరెగిరి పడుతుంది. అందుకని, ఏం బరువు వేస్తారు, ఏ దారిలో తిరుగుతారు అని అడిగాను. నేనూ, నా నడుం నొప్పీ తప్ప ఇంకేం బరువు లేదన్నారు. సరేనని మెత్తటి రకం వేశాను."

"మెత్తటివంటే నాసివా?"

మెకానిక్ తల ఎత్తాడు. అంతసేపూ లేని పౌరుషం వచ్చింది. "కాదండి! మనిషికి తగ్గవి. నాలుగూ ఒకే రకం. ఒకపక్క కొత్తది, ఒకపక్క పాతది ఎప్పుడూ వెయ్యను. ఒక్కోదాన్నీ నిలబెట్టి, లోపలి గాలి పోయేదాకా చేత్తో నొక్కి లాగి, అప్పుడే బండికి ఎక్కించాను. చక్రాలు గాల్లో ఉన్నప్పుడు నట్లు వేళ్ళతోనే తిప్పుతాను. జాకీ దించి, బండి బరువు నేలమీద పడ్డాకే స్పానరు పెడతాను. గాల్లోనే బిగించేస్తే లోపలి రబ్బరు మెలిపడి చిరుగుతుందండి. ఆఖర్న ప్రతి నట్టు మీదా ఎర్ర చుక్క పెడతాను."

"చుక్కా?"

"నట్టూ, పక్కనున్న ఇనుమూ కలిసేలా ఒక చుక్కండి. నట్టు తిరిగితే చుక్క విరుగుతుంది. నెలకోసారి కింద దూరి చుక్కలు చూసుకుని, షాకుల మీద నూనె కారిందేమో చూసుకుంటే చాలు."

"ఆ ఎరుపు దేంతో పెడతావ్?"

మెకానిక్ అక్క వైపు చూసి నసిగాడు. "మా అక్క నెయిల్ పాలిష్‌తోటండి."

"వెధవా, అందుకా అది అయిపోతోంది!" అంది అక్క, ఏడుస్తూనే. అంతలోనే కళ్ళు తుడుచుకుని నిటారుగా నిలబడింది. "ఆ సీసా షాపులోనే ఉండుంటుంది అన్నయ్యా. అదీ, అలాంటి కొత్త షాకు ఒకటీ తెస్తాను. ఇన్‌స్పెక్టరుగారి బల్ల మీద పెట్టి, ఇవి కాదా చూడండి అంటాను."

"రండక్కా, నేను తీసుకెళ్ళి తీసుకొస్తా," అన్నాడు తలుపు దగ్గర నిలబడ్డ మనిషి.

అతను కాంట్రాక్టరు అల్లుడు. పొద్దున అక్క షాపు మీదికి గొడవకే వచ్చాడు. ఆవిడ ఏడుపు చూసి మెత్తబడి, స్టేషనుకి వెళ్ళాలంటే తన బండిలోనే ఆవిణ్ణీ నిదానాన్నీ ఎక్కించుకుని దింపాడు. తప్పు ఎవరిదో తేలాలండీ, మామయ్య ఆత్మ శాంతించాలండీ అని దారిపొడుగునా అంటూనే ఉన్నాడు. మధ్యలో ఆపి నిదానానికి కాఫీ కూడా ఇప్పించాడు. మామా అల్లుళ్ళు ఒకే రోజు, ఒకే రంగులో కొనుక్కున్న జంట బండ్లట. ఒకటి లోయలో పడింది, రెండోది బయట నీడలో నిలబడి ఉంది.

అక్క అతనితో వెళ్ళిపోయింది.

"ఏంటి బావా, చొక్కా మీద మరక లేదు? మా అక్క చూస్తే నమ్మదు," అంటూ ఇన్‌స్పెక్టరు లోపలికొచ్చాడు.

అతను నిదానం భార్యకి స్వయానా తమ్ముడు. పండక్కో పబ్బానికో కలిస్తే బావా అంటే బావా అనుకుంటారు, కేసు దగ్గర మాత్రం ఒకరి గాలి ఒకరికి పడదు. నిదానం కాఫీ తాగితే సగం గొంతులోకీ సగం చొక్కా మీదికీ పోతుందని ఆ ఇంట్లో పిల్లల దగ్గర్నుంచి అందరికీ తెలుసు.

"బండి చూడాలి," అన్నాడు నిదానం.

"చూడండి. ఇనుముకి మొహమాటం ఉండదు, మీకు చెప్పాల్సింది చెప్పేస్తుంది."

స్టేషను వెనక రేకుల షెడ్డులో ఎస్‌యూవీ ఒక పక్కకి ఒరిగి ఉంది. ముందు భాగం నుజ్జయి ఇంజను సీట్లోకి వచ్చేసింది. వెనక నంబరు ప్లేటు మాత్రం చెక్కుచెదరలేదు. డ్రైవరు సీటు మీద నడుముకి పెట్టుకునే దిండు ఉంది. దాన్ని చూడగానే నిదానానికి మనసు చివుక్కుమంది. నొప్పి తగ్గాలని మార్పించుకున్న షాకులే ప్రాణం తీశాయా?

గోనె పరుచుకుని, మూలుగుతూ బండి కిందికి దూరాడు. టార్చి వేశాడు. వెనక కుడివైపు షాకు కింద బోల్టు పట్టే రింగు విరిగిపోయింది. షాకు వేలాడుతోంది. దానినిండా కొత్త నల్లరంగు. ఆ రంగు మీదుగా జిడ్డుగా నూనె కారి ఉంది. మిగతా మూడూ అంతే, పైన కొత్త రంగు, ముట్టుకుంటే లోపల గరుకు.

"ఎర్ర చుక్కలు లేవు," అన్నాడు కిందనుంచే.

"ఉండవు. వాడు పెట్టలేదు కాబట్టి."

నిదానం జేబులోంచి ఇంటి తాళంచెవి తీసి ఒక నట్టు మీది రంగు గీకాడు. రంగు కింద ఎరుపు ఉంటుందని ఆశ. తుప్పు ఉంది. ఏళ్ళనాటి తుప్పు. నట్టునీ, బోల్టునీ, పక్క ఇనుమునీ కలిపేసి గట్టిపడిపోయింది. ఇంకో నట్టు గీకాడు. అదీ అంతే. మూడోది గీకేసరికి ఆయనకి చెమటలు పట్టాయి. ఈ నట్లని ఈ మధ్యకాలంలో ఎవరూ విప్పనే లేదు. ఎవరో కొత్తవి ఊడదీసి పాతవి బిగించారేమో అని పొద్దుట్నుంచి పెట్టుకున్న అనుమానం ఆ తుప్పు దగ్గరే నీరుగారిపోయింది.

బయటికొచ్చి దుమ్ము దులుపుకున్నాడు.

"ఏమైంది బావగారూ? ఇనుము ఏమంది?"

"నట్లు విప్పలేదంది."

"నేనూ అదేగా మొత్తుకుంటోంది!" ఇన్‌స్పెక్టరు చప్పట్లు కొట్టినంత పని చేశాడు. "వాడు విప్పలేదు, మార్చలేదు. రంగేసి పంపించాడు. ఆ రింగు అప్పటికే పగిలుంది, మలుపులో పుటుక్కున ఊడింది. వెనక చక్రం నేలని వదిలేసింది. బండి తోక కొట్టి లోయలోకి పోయింది. మీరు వాణ్ణి కాపాడ్డానికి వచ్చి నా కేసుకి సాక్ష్యం ఇచ్చారు. థాంక్స్."

నిదానం మళ్ళీ ఒరిగిన బండి వైపు చూశాడు. బావమరిది చెప్పినదాంట్లో ఎక్కడా ఒంకర కనిపించడం లేదు. అలాగని ఊచల వెనక మనిషి అబద్ధం చెబుతున్నట్టూ లేదు. గాలి పోయేదాకా నొక్కి లాగానని చెప్పేటప్పుడు అతని చేతులు ఆ పని చేస్తున్నట్టే ఆడాయి. చెయ్యని పని గురించి అలా ఎవరైనా చెప్పగలరా? చెప్పగలరేమో. తనకి తెలియదు. ఆ తెలియకపోవడం మీద ఆయనకి కోపం వచ్చింది.

"సంతకం పెట్టడానికి కాంట్రాక్టరుగారి భార్య వచ్చారు. ఆవిణ్ణి కూడా అడగండి. మీ ముచ్చట తీరుతుంది," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

ఆవిడ ఇన్‌స్పెక్టరు గదిలో కుర్చీ అంచున కూర్చుని ఉంది. కళ్ళలో నీళ్ళు లేవు, ఇంకిపోయాయి. నిదానం ఎదురుగా కూర్చుని గొంతు తగ్గించాడు.

"అమ్మా, నిన్న పొద్దున ఆయన మీకు ఫోన్ చేశారా?"

"చేశారండి. కొండ ఎక్కేటప్పుడు. బండి పడవలా ఊగుతోందే, ఆ మెకానిక్ వెధవకి ఫోన్ చేసి తిట్టు అన్నారు. నేను స్నానం చేసి చేద్దాంలే అనుకున్నాను." ఆవిడ కొంగు చేతికి చుట్టుకుంది. "అప్పుడే చేసుంటే..."

ఇన్‌స్పెక్టరు కనుబొమలు ఎగరేశాడు. విన్నారా అన్నట్టు.

"అంతకుముందు?" అన్నాడు నిదానం.

"అంతకుముందంటే?"

"షాకులు మార్పించుకొచ్చిన రోజు. ఆ తర్వాత రోజులు. ఏమనేవారు?"

ఆవిడ కాస్త ఆలోచించింది. ముఖంలో ఏదో వెలుగులాంటిది వచ్చి పోయింది. "తెగ మురిసిపోయారండి. ఇన్నేళ్ళలో ఇంత హాయిగా ఎప్పుడూ లేదే, నడుం ఉందన్న సంగతే మర్చిపోయాను అన్నారు. నన్ను కూడా ఎక్కించుకుని ఊరికే ఓ చుట్టు తిప్పుకొచ్చారు. నిజంగానే బాగుంది."

ఇన్‌స్పెక్టరు కనుబొమలు దిగాయి. "ఇది మీరు నాతో చెప్పలేదేంటమ్మా?"

"మీరు నిన్నటి సంగతే అడిగారు బాబూ."

నిదానం తల పట్టుకున్నాడు. బండి హాయిగా ఉందని ఇద్దరు చెబుతున్నారు, అందులో ఒకరు పోయారు, ఒకరు ఎదురుగా ఉన్నారు. షాకులు ఏళ్ళ తరబడి మార్చలేదని తుప్పు చెబుతోంది. చచ్చిపోయిన షాకులతో బండి హాయిగా ఎలా ఉంటుంది? హాయిగా ఉన్న బండి ఒక్క రాత్రిలో పడవెలా అవుతుంది? రెండూ నిజమే, రెండూ కలిసి నిజం కావడానికి లేదు.

"మొన్న రాత్రి బండి ఎక్కడుందమ్మా?"

"మా అల్లుడి ఇంట్లో. భోజనానికి పిలిస్తే ఈయన వెళ్ళారు, పొద్దుపోయిందని అక్కడే పడుకున్నారు. వచ్చే వారం నుంచి క్వారీ అల్లుడి బదులు మా అమ్మాయి చూసుకుంటుందని ఆ భోజనం దగ్గరే చెప్తానన్నారు. చెప్పారో లేదో కూడా నాకు తెలీదు."

"ఒక్క రాత్రిలో రంగు వెయ్యొచ్చు బావా," అన్నాడు ఇన్‌స్పెక్టరు, ఈసారి వెక్కిరింపు లేకుండా. "కానీ ఏళ్ళనాటి తుప్పు పుట్టించలేం కదా." అతనికీ అయోమయం మొదలైంది. పోలీసు ముఖం మీద అది చూడ్డం నిదానానికి కొంచెం ఊరటగా అనిపించింది, అబద్ధమెందుకు.

కానిస్టేబుల్ కాఫీ తెచ్చాడు. నిదానం ఆలోచనల్లోనే కప్పు అందుకున్నాడు, పెదాల దగ్గర పెట్టుకున్నాడు, సగం చొక్కా మీద పోసుకున్నాడు.

"హమ్మయ్య. ఇప్పుడు మీరు మా బావలా ఉన్నారు," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

నిదానం మరక వైపు చూశాడు. తుడుచుకోలేదు. అలా చూస్తూనే ఉండిపోయాడు.

"ఏంటి బావా? కాలిందా?"

"పొద్దున నేను అల్లుడి బండిలో కాఫీ తాగాను."

"అయితే?"

"మార్కెట్ వెనక రోడ్డు. అడుగుకో గుంత ఉందిగా అక్కడ. నిండు కప్పు. బండి పోతుండగా తాగాను. ఒక్క చుక్క కూడా పడలేదు. కదలని కుర్చీలో కూర్చుని ఇక్కడ పోసుకున్నాను."

ఇన్‌స్పెక్టరుకి అర్థం కాలేదు. నిదానం అప్పటికే లేచి లాకప్ వైపు నడుస్తున్నాడు. నడక కూడా కాదది, పరుగుకి తోబుట్టువు.

"ఏమయ్యా, అల్లుడుగారి బండి ఎప్పుడైనా చూశావా నువ్వు?"

"చూశానండి," అన్నాడు మెకానిక్, బిత్తరపోతూ. "పోయిన వారమే. మామగారి బండి అయ్యాక, నాది కూడా చూడరా అని ఆయనే తెచ్చారు. వెనక కుడి షాకు నూనె కక్కేస్తోందండి. కింది రింగు పగుళ్ళిచ్చింది. కొండ దారిలో తిప్పకండి, మలుపులో చక్రం నేలని వదిలేస్తుంది, ప్రాణం మీదికొస్తుంది అని చెప్పాను. తర్వాత చూద్దాంలే అని వెళ్ళిపోయారు."

నిదానం ఇన్‌స్పెక్టరు వైపు తిరిగాడు. "షాకులు ఎవరూ మార్చలేదురా. బండే మార్చారు. మామ నిద్రపోతుంటే అల్లుడు రెండు బండ్ల నంబరు ప్లేట్లూ విప్పి అటుదిటు, ఇటుదటు బిగించాడు. తాళంచెవులు మార్చాడు. దిండు తెచ్చి సీటు మీద పెట్టాడు. కొత్తవిలా కనబడాలని కింద రంగు పూశాడు. వాడు అనుకున్నట్టే తప్పు మెకానిక్ నెత్తిన పడింది."

"ఊహ," అన్నాడు ఇన్‌స్పెక్టరు. కానీ గొంతులో బలం లేదు.

"ఛాసిస్ నంబరు చూశావా?"

ఇన్‌స్పెక్టరు ముఖం ఎర్రబడింది. "ముందు భాగం నుజ్జయింది కదా. ప్లేటు నంబరు ఉంది, మనిషిని గుర్తుపట్టారు. ఇంక దేనికని..." మాట పూర్తి చెయ్యకుండానే షెడ్డు వైపు కేకేశాడు. ఇద్దరు కానిస్టేబుళ్ళు వంగిన ఇనుమును గడ్డపారతో లేపారు. ఇన్‌స్పెక్టరు తనే మోకాళ్ళ మీద కూర్చుని, కిరోసిన్ గుడ్డతో బురద తుడిచి, ఇనుము మీద చెక్కిన అంకెలు ఒక్కొక్కటీ ఆర్టీవో ఆఫీసుకి ఫోన్లో చదివాడు. అవతలివాళ్ళు చెప్పింది విని, ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

"చెప్పరా," అన్నాడు నిదానం.

"అల్లుడి పేరు మీద ఉంది బావా." లేచి నిలబడ్డాడు. మోకాళ్ళ దుమ్ము కూడా దులుపుకోలేదు. "తప్పు నాది."

అప్పుడే నిదానం ఫోన్ మోగింది. అక్క. ఆయన స్పీకరు నొక్కాడు.

"అన్నయ్యా!" ఆవిడ గొంతులో సంబరం పొంగిపోతోంది. పొద్దుట్నుంచి ఆ గొంతు ఇలా ఉండడం ఇదే మొదలు. "సీసా దొరికిందండీ! ఇంకో చిత్రం వినండి. షాపు ముందు బండెక్కబోతుంటే ఆ సీసా చేజారి దొర్లుకుంటూ బండి కిందికి పోయింది. తీద్దామని వంగి చూద్దును కదా, పైన మన ఎర్ర చుక్కలు! షాకులు కూడా మన షాపువే! అల్లుడుగారి బండికి మా తమ్ముడు ఎప్పుడు వేశాడు అన్నయ్యా? ఆయన్నే అడుగుతున్నాను, చెప్పకుండా నవ్వుతున్నారు."

నిదానం ఫోన్ నోటికి దగ్గరగా పెట్టుకున్నాడు. "అమ్మా, ఇప్పుడు ఎక్కడున్నారు?"

"బండిలోనేనండి. క్వారీ వెనక కొండ దారి దగ్గర దారట, అటు తిప్పారు. ఇక్కడ మనిషి కనబడడం లేదు కానీ, బండి మాత్రం ఎంత హాయిగా పోతోందనుకున్నారు..."

"బండి ఆపించు. ఏదో ఒకటి చెప్పు. కళ్ళు తిరుగుతున్నాయను, దిగిపో..."

"ఏంటన్నయ్యా? సరిగ్గా వినబడ్డం లేదు."

వెనకనుంచి అల్లుడి గొంతు వచ్చింది. పొద్దుటంత మర్యాదగానే ఉంది. "ఫోన్ ఇలా ఇవ్వండక్కా. నేను మాట్లాడతా."

ఫోన్ ఆగిపోయింది.

ఇన్‌స్పెక్టరు అప్పటికే జీపు దగ్గరున్నాడు. "బావా, ఎక్కు!" జన్మలో మొదటిసారి బావని మీరు అనడం మర్చిపోయాడు. నిదానం పరిగెత్తాడు.

లాకప్ ముందునుంచి దూసుకుపోతుంటే మెకానిక్ ఊచల్లోంచి చెయ్యి బయటికి చాపాడు. స్పీకర్లో వచ్చిన మాటల్లో అతనికి వినబడినవి రెండే, ఎర్ర చుక్కలు. ముఖం విప్పారిపోయింది.

"నా చుక్కలు దొరికాయటగా సార్! నేను చెప్పానా లేదా? అక్క ఇంకా ఏమందండీ?"

జవాబు చెప్పడానికి అక్కడెవరూ ఆగలేదు.